ప్యానెల్ ముందు కుర్చీ

హాల్లో కరెంటు పోయింది. ఏసీల హోరు ఆగిపోయి, కాసేపటికి కిటికీ సందుల్లోంచి జనరేటర్ డీజిల్ పొగ వాసన లోపలికి వచ్చింది. విజయనగరంలో ఒక హోటల్లో మా విద్యుత్ ఇంజనీర్లకు నాయకత్వం మీద శిక్షణ తరగతి జరుగుతోంది. వేదిక మీద మాట్లాడుతున్న రిటైర్డ్ అధికారి మైకు తట్టి, కింది వాళ్ల మీద పట్టు లేకపోతే ఇలాగే ఉంటుందన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ తీగ మీద ఎక్కడో ఒక మనిషి పని చేస్తూ ఉండొచ్చని, జీవితమంతా ఇదే ఉద్యోగం చేసిన పెద్దమనిషికి తోచనే లేదు. ఆయన ఒకప్పుడు మా డీఈ, అంటే డివిజన్ మొత్తానికీ పెద్ద. నాయకత్వం అంటే ఏమిటో నాకు నేర్పిన మనిషి వేరే ఉన్నారు. ఆయన్ని ఏ వేదిక మీదికీ ఎవరూ పిలవలేదు.

ఆయన పేరు సాల్మన్ రాజు. నరసన్నపేట వైపు ఒక సెక్షన్‌కు ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు. నేను సబ్ ఇంజనీరుగా చేరింది ఆయన కిందే. సొంతూరు చీపురుపల్లి దగ్గర, బాప్టిస్టు కుటుంబం. ఆదివారాలు చర్చిలో తబలా వాయించేవారు, అది తప్ప ఇంకే వ్యసనమూ లేదు. పొద్దున్నే లైన్‌మెన్లు సబ్‌స్టేషన్ దగ్గర చేరగానే, ఎవరికి ఏ పనో చెప్పకముందు ఒక్కొక్కరినీ ఏం తిన్నావని అడిగేవారు. చద్దన్నం అనేవాడొకడు, అంబలి అనేవాడొకడు. ఏమీ తినలేదన్న వాణ్ణి ఆ పూట స్తంభం ఎక్కనిచ్చేవారు కాదు. కింద నిలబడి సామాను అందించమనేవారు. మొదట్లో నాకిది ఉత్త కాలక్షేపంలా అనిపించి, ఒకరోజు అడిగేశాను.

"ఖాళీ కడుపుతో ఎక్కినోడికి కళ్లు తిరుగుతాయమ్మా," అన్నారు. "అయినా తిన్నావా అని అడగనోడి మాట ఎవుడింటాడు?"

నాయకత్వం గురించి ఆయన నాతో చెప్పిన మాటలు అంతకు మించి పెద్దగా లేవు. మిగతాదంతా చూసి నేర్చుకోవలసిందే. గాలివానకి ఊళ్లు చీకటైపోయి జనం ఫోన్లో బూతులు తిడుతుంటే, ఆపరేటర్ చేతిలోంచి ఫోను తీసుకుని ఆ తిట్లు తనే తినేవారు. ఎవరైనా మెచ్చుకోవడానికి ఫోను చేస్తే మాత్రం, ఆ పని చేసినవాణ్ణి పిలిచి వినమనేవారు.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. తీగ మీద పని చేయవలసిన మనిషి ముందు సబ్‌స్టేషన్‌లో అడిగి కరెంటు ఆపించుకుంటాడు. దాన్ని లైన్ క్లియర్ తీసుకోవడం అంటారు. పని అయ్యాక అదే మనిషి వచ్చిగానీ, ఫోనులో తన గొంతుతో చెప్పిగానీ లైన్ తిరిగి ఇచ్చేదాకా ఎవరూ స్విచ్ వేయకూడదు. ఇది అందరికీ తెలిసిన సంగతే. తెలిసీ తప్పుతారు కాబట్టే మా వాళ్లు చచ్చిపోతుంటారు.

ఒక గాలివాన మర్నాడు తవిటయ్య అనే లైన్‌మన్ అలాగే లైన్ క్లియర్ తీసుకుని పొలాల్లోకి వెళ్లాడు. ఆ మధ్యాహ్నం ఊళ్లో ఒక పెద్ద నాయకుడి సభ ఉంది. డీఈ గారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. నాయకుడు బయల్దేరారట, వెంటనే లైన్ ఛార్జ్ చేసి కరెంటు ఇవ్వమన్నారు. మనిషి ఇంకా లైన్ మీద ఉన్నాడని సాల్మన్ గారు చెప్పారు. ఈలోగా నేను నా సెల్‌లోంచి తవిటయ్యకు ఫోను చేస్తే మోగుతోందిగానీ ఎత్తడం లేదు. సరిగ్గా అప్పుడే అప్పన్న అనే ఇంకో లైన్‌మన్ పొలాల వైపు నుంచి వచ్చాడు.

"తవిటయ్య దిగిపోనాడు సార్. గట్టు మీద కూకోని అంబలి తాగతన్నాడు, నాను సూసేను," అన్నాడు.

ఆ మాట ఫోనులో డీఈ గారికి వినబడింది. విన్నావుగా, వేసెయ్ అన్నారు. లైన్ తీసుకున్నది అప్పన్న కాదని సాల్మన్ గారు మెల్లగా చెప్పారు. ఉద్యోగం ఉంచుకోవాలని లేదా అని అవతలి గొంతు లేచింది. ఈయన గొంతు మాత్రం లేవలేదు.

"ఉద్యోగం నాది సార్, ఇచ్చేస్తాను. పేనం ఆడిది. అది నేనెలా ఇస్తాను?"

ఫోను బల్ల మీద పెట్టేసి, స్విచ్‌లుండే ప్యానెల్ ముందుకి కుర్చీ లాక్కుని, దానికి వీపు ఆనించి కూర్చున్నారు. వెళ్లి తవిటయ్యని కళ్లతో చూసి రమ్మని నన్ను పంపారు.

స్కూటీ రోడ్డు మీద వదిలేసి గట్ల వెంట పరుగెత్తాను. తవిటయ్య స్తంభం మీదున్నాడు. అంబలి తాగడానికి దిగిన మాట నిజమే. తాగుతూ తల ఎత్తి చూస్తే ఇంకో పింగాణీ ఇన్సులేటరు పగిలి కనిపించిందట, మళ్లీ ఎక్కాడు. ఫోను కింద సంచిలో మోగుతోంది. ఒక చేత్తో తీగ పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి, "ఏటమ్మా, ఇంత ఎండలో వచ్చేసినారు?" అన్నాడు.

నేను తిరిగి వచ్చేసరికి డీఈ గారి జీపు సబ్‌స్టేషన్‌లో ఉంది. స్విచ్ వేయమని ఆయన ఆపరేటర్ మీద అరుస్తున్నారు. సాల్మన్ గారు కుర్చీలోంచి లేవలేదు. నేను చూసింది అందరి ముందూ చెప్పాను. డీఈ గారు హమ్మయ్య అని కూడా అనలేదు. వాచీ చూసుకుని జీపెక్కారు.

సభలో మైకు జనరేటర్ మీద నడిచింది. ఫ్యాన్లు తిరగలేదు, అంతే. ఆ ఫ్యాన్ల కోసం, పై అధికారి ఆజ్ఞ ధిక్కరించారని సాల్మన్ గారికి మెమో ఇచ్చారు. నేను చూసింది చూసినట్టు రాసిచ్చాను. తవిటయ్య పెళ్లాన్ని వెంటబెట్టుకుని ఆఫీసు మెట్లెక్కాడు. ఎవరూ పట్టించుకోలేదు. తప్పయిందని ఒక్క ముక్క రాసిచ్చేస్తే పోతుందని మధ్యవర్తులు వచ్చారు. తప్పు జరగలేదు కదా, ఎలా రాస్తానని ఆయన అడిగారు. ఎక్కడో స్టోర్స్ గోదాముకి బదిలీ చేశారు. ప్రమోషన్ ఆపేశారు. మనుషుల్ని కాపాడే మనిషిని ఇనప సామాను కాపలాకి పెట్టారు. ఏఈగానే రిటైరయ్యారు. మనిషిని చంపబోయినవాడు పదవి మీద పదవి ఎక్కి, ఇప్పుడు మాకు నాయకత్వం బోధిస్తున్నాడు. ఇది తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ అన్నం సహించదు.

సాల్మన్ గారు పోయేముందు ఏడాది చీపురుపల్లిలో ఆయన్ని చూడ్డానికి వెళ్లి, ఈ ఉక్రోషమంతా వెళ్లగక్కాను. ఆయన నవ్వారు. "ఒగ్గేయమ్మా. తవిటయ్య మనవల్ని ఎత్తుకుని తిరగతన్నాడు. మనకింకేటి కావాల?" అన్నారు.

ఇప్పుడు నేనూ ఏఈనే. పొద్దున్నే నా మనుషుల్ని ఏం తిన్నారని అడుగుతాను. ఇంట్లో పిల్లలకి పని చెప్పబోయే ముందు కూడా ఆ మాటే నోటికొస్తుంది. లైన్ తీసుకున్నవాడే తిరిగి ఇవ్వాలి, ఎవరు ఫోను చేసినా సరే. ఇవన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నాను. క్షమించడం ఒక్కటీ రాలేదు. మనిషి స్తంభం మీద ఉండగా లైన్ వేయమని పైనుంచి ఫోను వస్తే, ఆయనలా మెల్లగా మాట్లాడటం నా వల్ల కాదు. గట్టిగానే చెబుతాను. మా సెక్షన్‌లో ఇంతవరకు ఎవరూ పోలేదు.