లోపల పెట్టిన బొట్టు

దసరాకు ఇల్లు దులుపుతుంటే బీరువా మీది అట్టపెట్టెలో ఒక నల్లటి మూత దొరికింది. పిడికిలంత ఉంటుంది, నెత్తిన ఐదు కొమ్ములు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ కాలిన వాసన, పెట్రోలు వాసన, వాటి అడుగున ఎక్కడో పసుపు వాసన. పసుపు నా భ్రమే కావచ్చు. లోపలున్న ఎర్రమరక మాత్రం భ్రమ కాదు.

అది మా నాయన పికప్ బండిలోని డిస్ట్రిబ్యూటర్ మూత. ప్లగ్గులన్నిటికీ వంతులవారీగా కరెంటు పంచేది దాని కిందే. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఉన్న మా ఊళ్లో నల్లరేగడి చేలు పత్తితో తెల్లగా పూసే కాలానికి, ఆ పాత పెట్రోలు బండి మా ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబడి, పొద్దున్నే ఊరంతా వినేటట్టు దగ్గి దగ్గి గానీ లేచేది కాదు. అంతకు ముందు నాయన బొంబాయి లారీ తోలేవాడు. ఎప్పుడో ఒకసారి మాసిన గడ్డంతో దిగి, నిద్రపోయి, లేచి, మళ్లీ పోయే మనిషిగానే ఆయన నాకు తెలుసు. బండి కొన్నాక ఆయనకు బొరుగుల ఉగ్గాని మీద బజ్జీ నంజుకునే అలవాటుందనీ, స్నానం చేస్తూ పాడతాడనీ తెలిసింది. బాగా పాడడు. అయినా నాకు చాలా సంతోషంగా ఉండేది.

బండి లేవకపోతే ఆయన పద్ధతి ఒకటే. బ్యాటరీ ఉందా లేదా అని హారన్ కొట్టడం, ప్లగ్గు ఊడదీసి దాని తీగతోనే ఇంజను ఇనుముకు ఆనించడం, అమ్మ తాళం తిప్పితే నీలం రవ్వ పడుతుందా అని వంగి చూడడం. ఇవేవీ కాకముందే, రోజూ పొద్దున రెండు క్లిప్పులు విప్పి ఈ నల్లమూత తీసి, లోపలి పాయింట్లను లుంగీ కొంగుతో తుడిచేవాడు. పక్కన పళ్లు తోముకుంటూ నిలబడ్డ మా అవ్వకు, అంటే ఆయన అమ్మకు, దీని పానమంతా ఈడే ఉండాదని చెప్పేవాడు. అవ్వ ఆ మాటను మనసులో పెట్టుకుందని ఎవరికీ తెలియదు.

ఆ ఏడు ఆయుధ పూజకు ఇల్లంతా బెల్లం, శనగబేడల ఆవిరి. అవ్వ పూర్ణం పెట్టిన ఓళిగలు కాలుస్తూ, మొదటిది దేవునికి, మాడింది నాకు పెడుతోంది. ఎమ్మిగనూరు నుంచి నాయన స్నేహితుడు, మెకానిక్ బాషామామ, ఓళిగల కోసమే వచ్చి నెయ్యి గిన్నె దగ్గర కూర్చున్నాడు. బండి కడిగి, బంతిపూలు చుట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆదోనిలోని ఒక పత్తిమిల్లులో పూజనాడే, గుమ్మడికాయ కొట్టేలోపు వాకిట్లో నిలబడిన బండ్లకే ఆ సీజను పత్తి తోలే పని. సాయంత్రానికి చేరకపోతే నాయనకు మళ్లీ లారీయే గతి. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు.

హారతి అయ్యాక తాళం తిప్పితే బండి లేవలేదు. ఊరికే కూర్చోలేని మా వీధి కదిలి వచ్చింది. దిష్టి అన్నవారు కొందరు, తోద్దాం అన్నవారు కొందరు. తోసినారు. నిమ్మకాయలు చితికినాయి గానీ ఇంజను పలకలేదు. ఇంజను లేకుండా చితికితే మొక్కు చెల్లినట్టా కాదా అని కాసేపు వాదన నడిచింది.

నాయన, బాషామామ బానెట్‌లో తలలు దూర్చారు. హారన్ మోగుతోంది. పెట్రోలు వస్తోంది. ప్లగ్గులో రవ్వ లేదు. ప్లగ్గులు మార్చారు, తీగలు మార్చారు, కాయిల్ వేడెక్కిందేమోనని తడిగుడ్డ వేశారు. నల్లమూత తీద్దామని బాషామామ అంటే, పొద్దున్నే తన చేత్తో తుడిచినానని నాయన తీయనివ్వలేదు. ఎండ వేపచెట్టు దాటి గోడెక్కింది. ఎప్పటికో నాయన చేతులు తుడుచుకుని స్టెప్నీ మీద కూర్చుని, రేపు లారీ ఆఫీసుకు పోతానని అమ్మతో మెల్లగా అన్నాడు.

ఆ మాట చెవినపడి అవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"అప్పా, పొద్దున నువ్వు తుడిచినాక ఆ నల్లమూత తీసి లోపల బొట్టు పెట్టినాను."

బాషామామ వెంటనే క్లిప్పులు విప్పాడు. మూత లోపలి గోడకు, పాయింట్ల మధ్యన, కరెంటుకు అడ్డంగా, నూనెలో కలిపిన పసుపు కుంకుమ అంటుకుని ఉన్నాయి.

"లోపలెందుకు పెట్టినావుమా?" అన్నాడు నాయన.

"బయట పెడితే రేకుకు పెట్టినట్టు. నువ్వు మళ్లా లారీ ఎక్కగూడదని పానానికే పెట్టినాను."

నాయన గుడ్డ పెట్రోలులో ముంచి పాయింట్లు తుడిచాడు, గరుకు కాగితంతో రుద్దాడు, మూత బిగించాడు. అమ్మ తాళం తిప్పింది. నీలం రవ్వ టప్పుమంది. ప్లగ్గు బిగించాక బండి దగ్గకుండానే లేచింది. ఎక్కబోతూ నాయన వెనక్కి వచ్చి కుంకుమ పళ్లెం అవ్వ చేతికిచ్చాడు.

"బయట నువ్వు పెట్టుమా. లోపలిది నేను సూసుకుంటా."

గుమ్మడికాయ కొట్టకముందే మిల్లు చేరినాడు. మళ్లీ లారీ ఎక్కలేదు. మూతలో మిగిలిన ఎర్రమరకను రోజూ చూసేవాడే గానీ తుడవలేదు. బండిని పాత ఇనుముకు ఇచ్చినప్పుడు దీన్నొక్కదాన్నే విప్పుకుని ఇంటికి తెచ్చాడు.

ఇప్పుడు అవ్వ లేదు, నాయన లేడు, అలాంటి బండ్లూ లేవు. ఈ దసరాకు మా కారు బానెట్ ఎత్తితే, అంతా ఒకటే నల్ల ప్లాస్టిక్ పలక, విప్పడానికి క్లిప్పులు కూడా కనబడలేదు. బానెట్ మూసి, రేకు మీదే బొట్టు పెట్టాను. లోపలిది నేను చూసుకుంటా అనే మనిషి లేడు.