ఇటలీవాళ్ల చర్చికి వచ్చిన చుట్టం

కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో ఇంగ్లీషువాళ్ల చర్చీలు సూదిమొనల్లా ఉంటాయి. ఇటలీ నుంచి గనిపనికి వచ్చినవాళ్లు కట్టుకున్న ఈ చర్చి మాత్రం కాస్త మొండిగా ఉంటుంది. గుండ్రటి కమానులు, కప్పును మించి లేచిన ముందుగోడ, ఆ గోడలో బండిచక్రమంత కిటికీ. గంటగోపురం మాత్రం చర్చిని అంటుకోకుండా విడిగా నిలబడింది. గనిలో రాయి పేలి నేల అదిరినప్పుడు, పడితే అదొక్కటే పడాలని అలా కట్టారంటారు మావాళ్లు. కాలేజీలో చరిత్ర చెప్పే నేనూ అదే నమ్మాను.

గని మూతపడ్డాక జనం బెంగళూరు రైలెక్కారు. ఆదివారం పూజకు ముందువరస బెంచీలు కూడా నిండవు. కప్పు దూలాలను చెదలు తినేశాయి, ఇంకో వానాకాలం ఆగవు. బాగుచేయించే స్తోమత లేదు, మూసేస్తామని పెద్దలు తేల్చేశారు. చర్చిని చూసుకునే అక్కది ముళబాగిలు పక్క పల్లె. ఆమెకు మిగిలిన ఆశ ఒక్కటే.

"కట్టినోళ్ల ఊరు ఒకటి ఉండాది గదమ్మా. తెలిస్తే ఊరుకుంటారా వాళ్లు?"

ఈ వేసవిలో నిజంగానే ఇటలీ నుంచి ఒకావిడ వచ్చింది. ఆవిడ ముత్తాత ఈ కమానులు కట్టిన మేస్త్రీల్లో ఒకడట. అక్క గనిమట్టి పోసిన సైనైడు గుట్టల నుంచి ఎగిరొచ్చిన దుమ్మంతా కడిగి, గడప ముందు ముగ్గు కూడా పెట్టింది. నేను దుబాసీని. ఇంగ్లీషు ఆవిడకూ అంతంతమాత్రమే కాబట్టి సరిపోయింది.

గోపురం కథ చెబితే ఆవిడ నవ్వింది. వాళ్ల వైపు గంటగోపురాలు విడిగా కట్టడం మామూలేనట. సొంతూరి చర్చిని తలుచుకుని అచ్చం అలాగే ఇక్కడ కట్టారట. నా పాండిత్యం గంగలో కలిసింది.

అక్క నా చెయ్యి గిల్లింది. "అడగమ్మా. దూలాలు మార్పిస్తే చాలని చెప్పు."

అడిగాను. ఆవిడ ఫోను తీసి వాళ్ల ఊరి చర్చి చూపించింది. అదే ముందుగోడ, అదే కిటికీ. కిటికీలోంచి ఆకాశం కనిపిస్తోంది. కప్పు ఎప్పుడో కూలిపోయింది. కొండమీది ఊరు, పనుల్లేక అందరూ వెళ్లిపోయారట.

"కప్పుతో ఉన్నదాన్ని ఒక్కసారి చూద్దామని వచ్చాను" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాట అక్కకు తెలుగులో చెప్పాను. అక్క ఫోను దగ్గరికి తీసుకుని ఫొటో చూసింది.

"అయితే కూచోమనమ్మా" అంది, కొంగుతో బెంచీ తుడుస్తూ. "బాగా చూసుకోనీ. ఇంగ వానలు దగ్గరికొచ్చినాయి."