అక్కతో గుంటూరు దారి

జిన్నింగ్ మిల్లు తరఫున ఊళ్లు తిరిగి పత్తి కొనడం నా పని. రోజూ కారులోనే తిరగాలి. ఆ డీజిల్ కారు లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు మించి ఇచ్చేది కాదు. అలాంటి కారే ఉన్న స్నేహితుడు తనకు పద్దెనిమిది వస్తోందన్నప్పుడల్లా నేను వెళ్లి మెకానిక్ మీద విరుచుకుపడేవాణ్ణి. అతను ఎయిర్ ఫిల్టరు విప్పి, అందులో పేరుకున్న పత్తి నూగు, మిరప దుమ్ము దులిపాడు. టైర్లలో గాలి సరిచేశాడు. కొంచెం మెరుగైంది, అంతే. ఏసీయే తాగేస్తోందనుకుని ఎండాకాలంలో కూడా అద్దాలు దించుకుని తిరిగాను.

ఆ ఏడాదే మా అక్కకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మార్టూరు దగ్గర పల్లె ఆమెది. వారానికి మూడుసార్లు గుంటూరులో డయాలసిస్. బావకు మిరప కోతలు, పైగా కారు నడపడం రాదు. తీసుకెళ్లడం నా వంతయింది.

మొదటిరోజు తిరిగి వస్తుంటే, చిలకలూరిపేట ఇంకా రాకముందే అక్క నా భుజం పట్టుకుంది.

"ఒరేయ్, ఆపరా. నువ్వు బ్రేకు కొట్టినప్పుడల్లా కడుపులో తిప్పేస్తోంది."

పక్కకు తీసి ఆపాను. వాంతి చేసుకుని, నోరు పుక్కిలించి, డోరు పట్టుకుని కాసేపు నిలబడింది. చెయ్యి పట్టి ఎక్కిస్తుంటే మనిషి ఎంత తేలికైపోయిందో తెలిసింది. భయమేసింది.

ఆ రోజు నుంచి బ్రేకుతో పని లేకుండా నడపడం నేర్చుకున్నాను. దూరంగా మిర్చి బస్తాల లారీ కనిపించగానే ఎక్సలేటరు మీంచి కాలు తీసేవాణ్ణి. ఎనభై దాటేవాణ్ణి కాదు. గేరు మారినట్టు కూడా అక్కకు తెలియకూడదు. కొన్ని వారాలకు డీజిల్ కొట్టించుకుంటూ చూస్తే కారు మైలేజీ మీటరులో పంతొమ్మిది కనిపించింది. అక్క కోసం దారంతా ఏసీ వేసే ఉంచినా సరే!

ఆమెకు చెప్పాను.

"అంటే నా రోగం నీ కారుకు కలిసొచ్చిందన్నమాట" అంది. ఆమే ముందు నవ్వింది.

అప్పట్నుంచి మీటరు మీద ఆమెదే పెత్తనం. ఏ కారో మమ్మల్ని దాటిపోతే, నేను వేగం పెంచబోయేసరికి, "ఆ తొందరేంట్రా? వాడు మాత్రం టోల్‌గేటు దగ్గర ఆగడా?" అనేది.

ఒక మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. అక్కకు ఊపిరి అందడం లేదు. వెళ్లి ఇద్దర్నీ ఎక్కించుకున్నాను. గుంటూరు దాకా ఎలా తోలానో నాకే తెలియదు. వెనక సీట్లో బావకు ఆనుకుని ఆయాసపడుతూనే, "మైలేజీ... పోయిందిరా" అంది అక్క.

"నువ్వు మాట్లాడొద్దే!" అని బావ కసిరాడు.

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. రెండోరోజుకు తేరుకుంది. ఆసుపత్రి వరండాలోనే బావ, తన కిడ్నీ సరిపోతుందేమో చూడమని డాక్టరును అడిగాడు. అక్క ఒప్పుకోలేదు. నెలల తరబడి పోట్లాడి ఆయనే గెలిచాడు. పరీక్షల్లో సరిపోయింది.

విజయవాడలో ఆపరేషన్ జరిగింది. ముందు బావ, తర్వాత అక్క కోలుకున్నారు. ఇద్దర్నీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. పెదకాకాని దగ్గర బావ గుడికి వెళ్దామన్నాడు. డాక్టర్లు జనంలోకి వెళ్లొద్దన్నారు కదా అని అక్క ఆపింది. కారులోంచే దణ్ణం పెట్టుకున్నారు.