జింక ముట్టని పూలు

పాతికేళ్ళ వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు (తర్వాత తర్వాతే ఒక్కొక్కటీ తెలియకుండా పోయాయి). ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతూ, ఎల్బీనగర్ దాటాక జింకల పార్కు గోడను ఆనుకున్న కాలనీలో కిరాయికి ఉండేవాణ్ణి. నాది పై పోర్షన్. కింద ఇంటావిడ ఒక్కతే. పోచంపల్లి వైపు మనిషి, భర్త పోయి ఏడాది. పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి.

రోజూ ఆవిడ ఫిర్యాదుతోనే నాకు తెల్లవారేది. "సారూ, గా జింక మల్లొచ్చింది. మందారాలన్నీ మేసి పోయింది. దేవునికి ఒక్క పువ్వు మిగల్చలే. ఎట్ల సారూ?" గోడ కాస్త కూలిన చోటు నుంచి వచ్చేదది. దానికి తోడు ఎండాకాలం, బోరు ఎండిపోయి ట్యాంకర్ నీళ్ళే దిక్కు. నాలోని పండితుడు లేచి కూర్చున్నాడు. "మీరేం కంగారు పడకండి పెద్దమ్మా, నేను చూసుకుంటానుగా" అని, ఆదివారం నర్సరీ అంతా గాలించి, నీళ్ళు పెద్దగా అడగనివి, జింక మూతి పెట్టనివి ఏరి తెచ్చాను. గన్నేరు, బిళ్ళగన్నేరు, ఘాటు వాసన బంతి. మందారాలు పీకేసి వాటిని నాటాను. ఆవిడ గుమ్మంలో నిలబడి "చదువుకున్నోనివి, నీకు తెలుస్తది గద" అంది. మెచ్చుకోలనుకున్నాను.

జింక రెండు రోజులొచ్చింది. వాసన చూసి, తుమ్మి, పోయింది. మూడో రోజు నుంచి రాలేదు. ఈ విజయగాథను రెండు బ్యాచ్‌లకు పాఠంగా కూడా చెప్పాను. పూలు విరగబూశాయి. పెద్దమ్మ మాత్రం పొద్దున బయటికి రావడం మానేసింది. ఉండబట్టలేక అడిగాను, "పూలు చాలడం లేదా పెద్దమ్మా?"

"పూలకేంది సారూ, దండిగున్నయి." కొంగు సవరించుకుంది. "ఆయన పోయినంక పొద్దుగాల్ల నా ఇంటికొచ్చేది అదొక్కటే. తిట్టుకుంటనన్నా దాంతోని ఇంత మాట్లాడుతుంటి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రమే నర్సరీకి పోయి మూడు మందారాలు ఇమ్మన్నాను. "జింక తింటదని మీరే చెప్తిరి గద సారూ!" అన్నాడు నర్సరీ అతను. "అందుకే ఇమ్మంటున్నాను" అన్నాను. ఆ ఎండల్లో వాటికి రెండు పూటలా బకెట్లు మోసి నా నడుం పడిపోయింది.

కొన్నాళ్ళకు, తెల్లవారుతుండగా కింద నుంచి కేక. "సారూ! గా దొంగది మల్ల మొగ్గలన్నీ మేసింది!" ఆ గొంతులో ఎంత సంతోషమో. నేను పడుకున్నచోటి నుంచి లేవకుండానే "అయ్యో, ఎంత పని చేసింది పెద్దమ్మా!" అని ఊరుకున్నాను. ఆ కుర్ర పండితుణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది కానీ, ఆ ఒక్క పొద్దున మాత్రం కాస్త ముద్దొస్తాడు.