పిట్టకు పెట్టిన నాడు క్యాంప్ బాస్

మా అన్న పోయిన కబురు వచ్చేసరికి దుబాయ్ అల్ ఖూజ్‌లో మా కూలీల క్యాంపు గేటుకు తాళం పడి ఉంది. కరోనా మొదటి ఏడు. విమానాలు లేవు, కంపెనీ బస్సులు లేవు. అన్న చితిని ఫోన్లో చూశాను. అన్నకు కొడుకులు లేరు. చిన్నాయన కొడుకు నిప్పు పెట్టాడు గానీ, మూడో నాడు పిట్టకు, అంటే కాకికి, పోయినవాడి పేరున అన్నం పెట్టాల్సింది తోడబుట్టినవాడినైన నేనే.

"నువ్వు పెడితెనే ముడ్తడు. యాడున్నా సరే, ఆడనే పెట్టు" అని వదిన ఫోన్లో ఏడ్చింది.

ఎక్కడ పెట్టాలి? రూముల కిటికీలు తెరుచుకోవు. వరండాకు ఇనుప జాలీ ఉంది. ఆకాశం కనిపించేది డాబా మీదే, ఆ తాళంచెవేమో క్యాంప్ బాస్ నడుముకు వేలాడుతోంది.

ఈ క్యాంప్ బాస్ సంగతి చెప్పాలి. శ్రీలంక మనిషి, తమిళం మాట్లాడేవాడు. యాభై దాటినా నిటారుగా నడిచేవాడు. అక్కడి యుద్ధంలో మొదట సైన్యం మీద తుపాకి పట్టాడట. తర్వాత తనవాళ్ళతో చెడి, అదే సైన్యం ఇచ్చిన తుపాకులతో సొంత ముఠా కట్టి, సముద్రం ఒడ్డున కొన్ని ఊళ్ళను ఏలాడట. అతను సరేననందే పడవ నీళ్ళలోకి దిగేది కాదు, పెళ్ళికి ముహూర్తం పెట్టుకునేవాళ్ళు కాదు. యుద్ధం అయిపోయాక సైన్యానికి అతని అవసరం తీరిపోయింది. ఉన్న ఊళ్ళో ఉంటే చంపేస్తారని వాచ్‌మన్ వీసా మీద దుబాయ్ వచ్చి, పదిమందిని అదిలించే నేర్పుతో క్యాంప్ బాస్ అయ్యాడు.

ఇదంతా అతనే చెప్పుకున్నాడు, మెస్‌లో నేను వండుతుంటే పక్కన నిలబడి చాయ్ తాగుతూ. మా జగిత్యాల దిక్కు వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవారు. "గట్టి మనిషిరా" అని మురిసిపోయేవారు. నాకు ఒళ్ళు మండేది. మా ఊరికి దళమూ వచ్చింది, పోలీసులూ వచ్చారు. ఇద్దరికీ వండిపెట్టింది మా అన్నే. వాళ్ళకు పెట్టావని వీళ్ళు కొట్టారు, వీళ్ళకు పెట్టావని వాళ్ళు కొట్టారు. తుపాకి పట్టినవాడి కథ నాకెందుకు? దెబ్బలు తిన్నవాడు మా ఇంట్లోనే ఉన్నాడు.

మూడో నాడు పొద్దున్నే అన్నం, అన్నకు ఇష్టమైన బోటి కూర వండాను. కల్లు ఎక్కడ తేను? ఇక్కడి మజ్జిగ, లబన్ సీసా ఒకటి పెట్టాను. పైనుంచి అన్న తిట్టుకునే ఉంటాడు. ఆ పళ్ళెం, అన్నం గిన్నె పట్టుకుని మెట్లెక్కేసరికి బాస్ అడ్డంగా నిలబడ్డాడు.

"డాబా బంద్. ముదీర్ ఆర్డర్" అన్నాడు తన తమిళపు హిందీలో. ముదీరంటే కంపెనీ మేనేజరు.

"నేనొక్కణ్ణే పోత సార్. పెట్టి దిగుత."

"వద్దంటే వద్దు. ఎక్కువ చేస్తే ఊరికి పంపిస్తా, ఖలాస్."

ఆ దుఃఖంలోనూ నవ్వొచ్చింది. "పంపియ్యి సార్, పుణ్యముంటది. విమానం నువ్వే నడుపుతవా?"

వెనక మా రూమ్ వాళ్ళు కిసుక్కుమన్నారు. అతని మొహం మారిపోయింది. గొంతు తగ్గించి అన్నాడు: "మా దగ్గర నేను వద్దంటే ఒడ్డున పడ్డ శవాన్ని కన్నతల్లి కూడా ముట్టేది కాదు. తెలుసా?"

నవ్వులు ఆగిపోయాయి. నేను ఇంకో మెట్టు ఎక్కాను.

"ఆడ నీ చేతిల తుపాకి ఉండె. ఈడ తాళంచెవి ఉన్నది, గంతే. తెరువు. తెరువకుంటె ఈన్నే కూసుంట, మెస్‌ల పొయ్యి ముట్టియ్య. క్యాంపంతటికి నువ్వే వండు."

నా వెనక ఒక్కొక్కరే మెట్ల మీద కూర్చోసాగారు, అతన్ని గట్టి మనిషి అన్నవాళ్ళే. వాళ్ళను చూసి బాస్ తాళం తీశాడు. జాలి కాదు, ఆకలిగొన్న క్యాంపును తలచుకుని తీశాడనే నా నమ్మకం.

డాబా మీద పళ్ళెం పెట్టి దూరం జరిగాను. తీగ మీద కాకులు కూర్చున్నాయి, చూస్తున్నాయి, దిగవు. పిట్ట ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో ఉండిపోయిందని అర్థం. అదేదో మనమే కనిపెట్టి, పేరు పెట్టి పిలిచి మాటివ్వాలి.

పేరు పెట్టి పిలిచాను. "అన్నా, వదినను ఇంట్లకెళ్ళి ఎల్లగొట్టనియ్య. బాయికాడి పొలం ఆమెకే. చిన్నాయనోళ్ళు ఏమన్న అననీ, నేనున్న."

ఒక కాకి దిగి బోటి ముక్క ఎత్తుకుపోయింది. అక్కడే కూలబడి ఏడ్చాను.

లేచి చూస్తే బాస్ గుమ్మంలో ఉన్నాడు. గిన్నెలో మిగిలిన అన్నం వైపు చూస్తూ, "కొంచెం ఇస్తావా? నేనూ పెడతా" అన్నాడు.

"ఎవలకు?"

"ఆ ఒడ్డున పడ్డవాళ్ళకు."

అన్నను కొట్టిన చేతులన్నీ నా ముందే చాపి నిలబడ్డట్టు అనిపించింది.

"పేర్లు చెప్పు. పేరు వెట్టి పిలువాలె, మాటియ్యాలె. చూసినవు గదా. ఎవల్ని పిలుస్తవ్?"

"చాలామంది" అన్నాడు.

"చాలామంది అంటె ఏ పిట్ట దిగుతది సార్?" గిన్నె చంకలో పెట్టుకున్నాను.

పిడికెడు మెతుకులిస్తే నీ సొమ్మేం పోయేదని రూమ్ వాళ్ళు ఇప్పటికీ అంటారు. ఇవ్వను. ఇప్పుడొచ్చి అడిగినా ఇవ్వను. అది మా అన్న కోసం వండిన అన్నం. ఆ బిడ్డలను కన్నవాళ్ళు ఇంకా అక్కడే ఉంటారు, ముందు అతన్ని వాళ్ళ గడపలు తొక్కి రమ్మనండి.

ఆ మాటే అతనికీ చెప్పాను. "పోయి వాళ్ళ అమ్మల్ని అడుగు. పేర్లు వాళ్ళే చెప్తరు."

"పోతే నన్ను చంపేస్తారు" అన్నాడు.

"అయినా పో" అన్నాను.