జోడీల లెక్క

లెక్కల్లో ఎమ్మెస్సీ చదివినవాడికి అప్పట్లో హన్మకొండలో రెండే దార్లు. ట్యూషన్లు చెప్పడం, చెప్పడానికి పిల్లలు దొరక్కపోతే పోటీ పరీక్షలు రాయడం. నేను రెండూ చేసి, రెండిట్లోనూ పెద్దగా వెలగక, చివరికి బస్సు డిపో ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగానికి కుదిరాను. ఎనభైల మొదటి రోజులు. బస్సు డిపోలో లెక్కల ఎమ్మెస్సీకి ఏం పని అని మీరడగవచ్చు. డిపోలో అందరూ అదే అడిగారు.

పని ఉందని నమ్మినవాడు ఒక్కడే, మా ఆఫీసరు. ఆయన హైదరాబాదులో ఏదో శిక్షణకు వెళ్లి, ఆపరేషన్స్ రీసెర్చి అనే జ్వరం అంటించుకుని వచ్చాడు. ఉన్న బస్సులతో, ఉన్న మనుషులతో, ఉన్న డీజిలుతోనే అన్నిటికంటే మేలైన ఏర్పాటు ఏదో గణితం చెప్పేస్తుందట. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయన కంటికి ఏదీ మేలుగా కనిపించలేదు. సుబేదారిలో వాళ్లింట్లో పొయ్యికీ బియ్యం డబ్బాకీ మధ్య దూరం ఎక్కువైందని వంటింటిని సర్దబోతే, వాళ్లావిడ గరిటె చూపించి బయటికి పంపిందని ప్యూను చెప్పేవాడు. ఇంట్లో సాగనిది ఆఫీసులో సాగించాలని ఆయన పట్టుబట్టాడు.

మొదట ఆయన చేతికి చిక్కింది డ్యూటీ చార్టు. ఏ డ్రైవరుతో ఏ కండక్టరు వెళ్లాలో మా డిపోలో ఎవరూ నిర్ణయించినట్టు ఉండేది కాదు. ఏళ్ల తరబడి వాళ్లే జోడీలు కట్టుకుని తిరిగేవారు. డ్రైవరు కాజీపేట నుంచి రావాలి, కండక్టరు వరంగల్ కోట నుంచి రావాలి. ఒకడు ముందొచ్చి చాయ్ తాగుతూ కూచుంటే, రెండోవాడు వచ్చేదాకా బస్సు కదలదు. దగ్గర దగ్గర ఇళ్లవాళ్లను జోడీ కడితే ఈ దండగ తగ్గుతుందని ఆఫీసరు ఆలోచన. ఎవరికి ఎవరిని కడితే మొత్తం దండగ అన్నిటికంటే తక్కువవుతుందో తేల్చడానికి గణితంలో ఒక పద్ధతి ఉంది. డిపో మొత్తంలో ఆ పద్ధతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి కొన్నాళ్లు తల ఎగరేసుకుని తిరిగాను.

పద్ధతి వినడానికి గంభీరం, చేయడానికి కూలి పని. పెద్ద కాగితం మీద గళ్లు గీయాలి. అడ్డంగా ఒక్కో వరస ఒక్కో డ్రైవరుకి, నిలువుగా ఒక్కో వరస ఒక్కో కండక్టరుకి. ఇద్దరూ కలిసే గడిలో, ఆ జోడీ వల్ల బస్సు ఎన్ని నిమిషాలు ఊరికే నిలబడుతుందో వేయాలి. ప్రతి వరసలోనూ అన్నిటికంటే చిన్న అంకెను ఆ వరస మొత్తంలోంచి తీసేయాలి. నిలువు వరసల్లోనూ అంతే. అక్కడక్కడా సున్నాలు తేలతాయి. ఎవరికీ ఇద్దరు పడకుండా, ఎవరూ ఒంటరిగా మిగలకుండా, వరసకొకటి చొప్పున ఆ సున్నాలను ఏరుకోవాలి. కుదరకపోతే మళ్లీ తీసివేతలు, మళ్లీ సున్నాల వేట. కాగితం ఆఫీసు బల్ల మీద పట్టక ఇంటికి తెచ్చి, మా నాయిన జంపఖానాలు నేసే మగ్గం పక్కన నేల మీద పరిచేవాణ్ణి.

“సున్నాలు ఏరుడుకు గూడ జీతమిస్తాండ్లారా?” అన్నాడు నాయిన మగ్గం ఆపి. “నీ పరీక్ష కాయితాలల్ల నేను పుక్కట్లనే ఏరిన గద.”

మా అమ్మకు ఇవేవీ పట్టేవి కావు. ఆమె తన లెక్క ఎప్పుడో తేల్చేసింది. తమ్ముడికి ఒక్కతే బిడ్డ, తనకు ఒక్కడే కొడుకు. ఎరిగిన ఇల్లు, తెలిసిన జాతకాలు, పెళ్లిళ్ల పేరయ్యతో పని లేదు. మేనరికం కంటే తేలికైన పరిష్కారాన్ని ఏ గణితమూ ఇప్పటిదాకా కనిపెట్టలేదు. చెప్పొద్దూ, అమ్మ లెక్క నాకు నూటికి నూరుపాళ్లూ ఇష్టం. మామ కూతురంటే నాకు ప్రాణం. ఆమె అప్పుడు డిగ్రీ చదువుతోంది. మా ఇంటికి వచ్చిన రోజున నేను కూడికలు కూడా తప్పు చేసేవాణ్ణి.

చిక్కల్లా ఒక్కటే. ఆ మామ మా డిపోలోనే డ్రైవరు.

మామ బస్సు ములుగు దాటి అడవి ఊళ్లకు పోయేది. పొద్దు గూకే వేళకు చివరి ఊరు చేరి, అక్కడే ఆగి, తెల్లారి జనాన్ని ఎక్కించుకుని తిరిగొచ్చేది. దాన్ని నైట్ హాల్ట్ అంటారు. ఆయనా, ఆయన కండక్టరూ ఎన్నో ఏళ్లుగా ఆ బస్సు మీదే ఉన్నారు. నా సున్నాలు వాళ్లిద్దరినీ విడదీసి, మామకు వాళ్ల వాడకట్టులోనే ఉండే మరో కండక్టరును కట్టాయి. మామ అని నేను పక్షపాతం చూపలేదు. గణితానికి మామలూ బావలూ ఉండరని ఆఫీసరు ఎదుట గొప్పగా అన్నాను కూడా.

కొత్త చార్టు గోడకెక్కిన వారానికి మామ మా ఇంటికి వచ్చాడు. కూచోలేదు. అమ్మ ఇచ్చిన నీళ్ల చెంబు ముట్టలేదు.

“నీ కొడుకు సదువుకున్నడంటె సంబురపడ్డ అక్కా. గని గా సదువు తెచ్చి నా నెత్తిమీదనే పెడ్తడనుకోలె.”

“ఏమైందిరా?”

“నా జోడి ఇడగొట్టిండు. శనారం ఒక్కపొద్దుండెటోన్ని తెచ్చి నాకు గట్టిండు. నాది సోమారమాయె. మేమిద్దరం ఏం తినాలె, ఎట్ల బతకాలె?”

అప్పుడు తెలిసింది నాకు, మా డిపోలో జోడీలు దేని మీద నిలబడ్డాయో. అడవి ఊళ్లలో హోటళ్లు ఉండవు. బడి అరుగు మీద కిరసనాయిలు స్టవ్వు, ఇద్దరికీ కలిపి ఒకే గిన్నె. దేవుడి పేరిట వారానికో రోజు ఒక్కపొద్దు ఉండేవాడు ఆ రోజు ఒక్కపూటే తింటాడు, నీసు ముట్టడు. నీసు వండిన గిన్నెను తోమి తోమి చిల్లు పెట్టినా ఆ రోజుకు పనికిరాదు. అందుకని ఒకే వారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఒక జోడీ అయ్యేవారు. మామా, పాత కండక్టరూ సోమవారం కలిసి పస్తుండి, శనివారం కలిసి అడవి ఊళ్లో నాటుకోడి కొనుక్కునేవాళ్లు. కొత్త కండక్టరు శనివారం వేంకటేశ్వరుడి భక్తుడు. కోడి సంగతి ఎత్తితే చాలు గిన్నె ఎత్తుకుపోయి దాచేవాడట. సోమవారం మామ ఎండిన గొంతుతో కూచుంటే, పక్కనే ఎండుచేపలు వేయించి కసి తీర్చుకునేవాడట.

“జర మార్పిస్త మామా,” అన్నాను.

“నువ్వేం మారుస్తవో నాకెర్క లేదు. నా జోడి ఇడగొట్టినోనికి నా బిడ్డతోని జోడి గడ్తనా? సచ్చినా గట్ట!”

ఆయన వెళ్లిపోయాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుపు ఆపి నా మీద పడింది. “ఊరోళ్ల జోడీలు నీకెందుకురా? నీ పెండ్లి లెక్క జూస్కోక!” నాకు కావలసిన ఒకే ఒక్క గడిని నా చేత్తోనే కొట్టేసుకున్నానని ఆ పూట అన్నం సయించలేదు.

రోడ్ల మీద సంగతి ఇంతకంటే అన్యాయంగా ఉంది. ఒక అడవి ఊళ్లో రాత్రి కూర దగ్గర తగువైతే, తెల్లారి కండక్టరు బెల్లు కొట్టనని భీష్మించాడు. బెల్లు కొట్టందే బండి తీయనని డ్రైవరు. తునికాకు కట్టలతో ఎక్కి కూచున్న జనం దిగి ఇద్దరినీ బతిమాలారు. కేసముద్రం మార్కెట్టుకు పోవలసిన రైతులు బస్సు కోసం చూసి చూసి లారీ ఎక్కారు. కొందరైతే ఆఫీసులో ఒకరి పేరు రాయించి, రోడ్డు మీద పాత జోడీ మనిషిని ఎక్కించుకుని పోయేవారు. ఆ బస్సులు మాత్రం వేళకు నడిచేవి. వాటిని చూసి చార్టు పనిచేస్తోందని ఆఫీసరు మురిసిపోయేవాడు.

నేను షెడ్డులోకి వెళ్లి ఒక్కొక్కరినే అడిగాను. “అన్నా, నీది ఏ వారం?” మొదట నవ్వారు. జనాభా లెక్కలోళ్లు గూడ గిది అడగలేదని ఒకాయన అన్నాడు. కానీ అందరూ చెప్పారు. సోమవారంవాళ్లు, గురువారంవాళ్లు, శనివారంవాళ్లు, ఏ వారమూ లేక అన్ని రోజులూ శుభ్రంగా తినేవాళ్లు. కొత్త కాగితం పరిచి, వారాలు కలవని ప్రతి జోడీ గడిలోనూ ఎం అనే అక్షరం వేశాను. అది మా పద్ధతిలో పాత ఉపాయమే. ఆ అక్షరం ఊహకందనంత పెద్ద అంకెకు గుర్తు. అది ఉన్న గడిని ఏరుకుంటే దండగ ఆకాశానికి అంటుతుంది కాబట్టి లెక్క అటువైపు తొంగి కూడా చూడదు.

ఆఫీసరు కాగితం చూసి ముఖం చిట్లించాడు. “ఈ ఎంలేమిటయ్యా, మశూచి పోసినట్టు?”

సంగతి చెప్పాను. ఒకడు ఒక్కపొద్దున్న నాడు రెండోవాడు మటన్ వండుతాడని చెప్పాను.

“అయితే ఎం అంటే మటన్ అన్నమాట,” అన్నాడు. వెటకారం అనుకున్నాను. కాదు. ఆయన చాలా గంభీరంగా కిటికీలోంచి చూస్తున్నాడు. “నాది గురువారం. శిక్షణకు పోయినప్పుడు నా గదిలో ఉన్నవాడు గురువారం గురువారం పాయా తెప్పించేవాడు. ఆ వాసనకు నేను మెట్ల మీద పడుకున్నాను. ఈ మాట ముందే చెప్పాలి కదయ్యా!” పైవాళ్లకు పంపిన రిపోర్టులో మాత్రం దాన్ని ‘ఆహార సంబంధమైన అనుకూలతా నిబంధన’ అన్నాడు. పైవాళ్లు మెచ్చుకున్నారని కూడా విన్నాను.

కొత్త చార్టు మొదటిదంత అందంగా లేదు. పాత పద్ధతి కంటే మాత్రం బస్సులు తక్కువసేపు నిలబడేవి, బెల్లులు మోగేవి. శనివారంవాళ్లలోనే ఇళ్లు దగ్గరున్నవాళ్లు కొందరు కొత్తగా జోడీ కట్టారు. మామకు ఆయన పాత కండక్టరు తిరిగి దక్కాడు. ఐతారం కోడి పట్టుకుని వస్తున్నానని మామ కబురు పంపాడు. అమ్మ ఇల్లు అలికింది. నేను రెండుసార్లు గడ్డం గీసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం మామ కూతురు వచ్చింది. అమ్మ నీళ్లకు పోయింది. నాయిన నూలు తేవడానికి వెళ్లాడు. మగ్గం పక్కన ఇంకా పరిచి ఉన్న కాగితం ముందు ఆమె గొంతుక్కూచుంది.

“బావా, గీ డబ్బాలల్ల ఎవలుంటరు?”

ఉత్సాహంగా అంతా చెప్పాను. మొదటి చార్టు, దాని గొడవ, షెడ్డులో అందరినీ అడగడం, మామ జోడీ దక్కడం.

“అంటె మొదలు ఎవల్నీ అడగకుండనే జోడీలు గట్టినవు.”

“ఔ.”

“అడిగినంకనే బండ్లు నడిచినయి.”

“ఔ మరి.”

“నన్నెవలన్న అడిగిండ్రా?”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. అడిగాను, నీకిష్టమేనా అని.

“చిన్నప్పటి సంది ఒక్క కంచంల తిన్నం. నువ్వు నాకు అన్న లెక్కనే. పెండ్లంటె మనసొస్తలేదు బావా.”

అన్నవంటూనే చివర బావా అనడం ఆమెకే చెల్లింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. దాన్ని ఆపుకోవడానికి కాగితం చుట్టడం మొదలుపెట్టాను. అది వంకరగా చుట్టుకుంటూ ఉంటే ఆమె రెండో కొస పట్టుకుని సాయం చేసింది.

“నేనద్దంటె బాపు సదువు బంద్ జేస్తడు,” అంది. “గీ యేడు పరీక్షలైతె నాకొక దారి దొరుకుతది. నువ్వే చెప్పు బావా, నీకిష్టం లేదని. నీకు దండం బెడ్త.”

సరేనన్నాను.

ఐతారం అందరం కూచున్నాం. మామ ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నాడు. అల్లుడి బుర్రకు ఢిల్లీలో ఉండాలన్నాడు. వడ్డిస్తూ అమ్మ, మంచి రోజు చూపిద్దామా అంది. మామ కూతురు వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది. నేను ముద్ద కలుపుతూ, తల ఎత్తకుండా అన్నాను. “నాకీ పెండ్లి ఇష్టం లేదు.”

అమ్మ చేతిలో గరిటె ఆగింది. మామ ముఖం నల్లబడింది.

“ఎందుకు?” అన్నాడు. “నా బిడ్డల నీకేం వంక గనవడ్డదిరా? చెప్పు. నలుగుట్ల చెప్పు.”

వంక కావాలి. అది నేను ముందు ఆలోచించుకోలేదు. అటు చూశాను. ఆమె కళ్లు చూశాను, తలుపు మీద ఉన్న వేళ్లు చూశాను, ఎండకు కమిలిన ముఖం చూశాను. ఎంత వెతికినా ఒక్క వంక దొరకలేదు. అందరూ ఎదురుచూస్తున్నారు. నోటికి వచ్చింది అనేశాను.

“పొట్టిగున్నది.”

మామ తలెత్తి కూతురిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆమె నాకంటే రెండు వేళ్లు పొడుగు. అది ఆ ఇంట్లో ఉన్న అందరికీ తెలుసు. ఆమె తల దించుకుంది. మామ ముఖంలోకి కోపం రావడం, ఆమె దాకా పోవడం, నా మీద ఆగి మెల్లగా చల్లారడం చూశాను.

“పోనియ్యి అక్కా,” అన్నాడు. “ఆల్ల సంగతి ఆల్లకెర్క. పిల్ల సదువన్న కానియ్యి.”

గిన్నెలోంచి పెద్ద ముక్క ఏరి నా కంచంలో వేశాడు. “తిను బిడ్డా,” అన్నాడు.