పెద్దమ్మ ఆపిన ట్రాము సీటు

ఇయ్యాల కలకత్తాల ట్రాముల మ్యూజియం సూసినం. మా పెద్దబాపు ఒకప్పుడు మిర్యాలగూడ మిల్లుల నుంచి ఈ ఊరికి బియ్యం లారీ నడిపిండు. ఇంటికొచ్చినప్పుడల్లా ట్రాము ముచ్చటే. "నిన్నోసారి ఎక్కిస్త" అని పెద్దమ్మకు మాటిచ్చేటోడు. తీరా తీస్కొచ్చేసరికి మేం దిగిన దిక్కు ట్రాములు బందైనయ్. ఇగ మిగిలింది మ్యూజియంల నిలబెట్టిన పాత ట్రాము పెట్టె.

పెద్దబాపు మోకాళ్ల నొప్పితోని మెట్ల కాడనే నిలబడ్డడు. పెద్దమ్మ మాత్రం గబగబా ఎక్కి, సూర్యాపేట బస్టాండ్ల బస్సెక్కినట్టే, కిటికీ పక్క సీటు మీద దస్తీ ఏసింది. గార్డు వచ్చి, గాడ కూసోవద్దని సైగ చేసిండు. నాకు నవ్వొచ్చింది.

"ఎవలికి సీటు ఆపినవ్ పెద్దమ్మా?"

"ఇంకెవలికి, మీ పెద్దబాపుకే."

ఆయన కింద నుంచే అన్నడు, "నిన్ను జర ముందే తీస్కరావాల్సుండె."

పెద్దమ్మ దస్తీ తీసి, దులిపి, మడత పెట్టుకుంది.

"నేనైతె సీటు ఆపిన. నువ్వొచ్చేలోపు బండే ఆగిపాయె."

నా నవ్వు గాడనే ఖతం. మీ ఇంట్ల గూడ "ఓసారి తీస్కపోత" అన్న మాట ఏదన్న ఉంటే, ఆ బండి ఇంకా నడుస్తున్నదో లేదో జర కనుక్కోండ్రి.